ఏనుగులను మోసిన తెరచాపలు

ఫిల్మ్‌నగర్ కొండల మీది మేడలెక్కి దక్షిణం వైపు చూస్తే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, వాటి వెనక గోల్కొండ కోట కనిపిస్తాయి. సినిమావాళ్లకు అవి చిరకాలంగా తెలిసిన లొకేషన్లు. ఎన్ని పాటలకు, ఎన్ని పోరాటాలకు ఆ రాళ్లు వెనక నిలబడ్డాయో లెక్కలేదు. ఆ కోటలో కూర్చుని ఏలినవాళ్లకు సొంత ఓడలుండేవి. అవి బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటి మెర్గుయి దీవుల దాకా వెళ్లి, ఏనుగులను ఎక్కించుకుని తిరిగి వచ్చేవి. ఈ కథ చెప్పుకునేవాళ్లు మాత్రం తక్కువ. హైదరాబాదు నుంచి సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి మనది నేల మీది చరిత్రే అనుకోవడం అలవాటైపోయింది. అది సగం చరిత్రే.

ఉష్ణమండల దీవుల మధ్య తెరచాప పడవలో తిరగడం ఇప్పుడు ఖరీదైన విహారం. పొద్దున ఒక దీవి దగ్గర లంగరు వేసి గాలమేస్తారు, మధ్యాహ్నం పగడపు దిబ్బల మీద డైవింగ్ చేస్తారు, సాయంత్రం గాలి చూసుకుని మరో దీవికి కదులుతారు. థాయిలాండులోని ఫుకెట్ రేవు నుంచి ఇలా బయలుదేరే పడవలు వెళ్లే చోట్లలో మెర్గుయి ఒకటి. మియన్మార్ దక్షిణపు కొసన దాదాపు 800 దీవుల గుంపు అది. బయటి యాత్రికులకు 1990ల చివర్లో గానీ దాని తలుపులు తెరుచుకోలేదు. తెలుగు తీరపు ఓడలకు ఆ దారి అప్పటికి కొన్ని వందల ఏళ్లుగా తెలుసు. అయితే వాళ్లు అక్కడికి వెళ్లింది సరదాకు కాదు. సరుకుకు, జీతానికి, ప్రభువు ఆజ్ఞకు వెళ్లారు. అందుకేనేమో ఆ ప్రయాణాలు మన జ్ఞాపకంలో విహారాలుగానూ నిలవలేదు, సాహసాలుగానూ నిలవలేదు.

కృష్ణా జిల్లా ఘంటసాల అనగానే మనకు గాయకుడు గుర్తొస్తాడు. ఆయన ఇంటిపేరుగా మారిన ఆ ఊరు ఒకప్పుడు ఓడరేవు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో అది కొంటకోస్సిలగా కనిపిస్తుంది. ఆ తీరానే ఒకచోట ఓడలు ఒడ్డును విడిచి, నేరుగా నడిసముద్రంలోకి దిగి సువర్ణభూమి వైపు సాగుతాయని కూడా టాలెమీ గుర్తించాడు. ఒడ్డు పట్టుకుని పాకే ప్రయాణం కాదది. నేల కనబడని నీళ్లలో గాలినీ నక్షత్రాలనూ నమ్ముకుని చేసే ప్రయాణం. ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. తెలుగు నేల మీద పేరుతో సహా మిగిలిన తొలినాటి ఓడ యజమానుల్లో అతను ఒకడు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఒక రాజు తన నాణెం మీద ఓడను అచ్చు వేయించాడంటే, ఆ తీరం అతనికి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఎన్ని ఓడలు వెళ్లాయో, ఎన్ని తిరిగి రాలేదో తెలియదు గానీ, తిరిగి రానివాటి గురించి కాకతీయ గణపతిదేవుడు ఒక శాసనం వేయించాడు. బాపట్ల జిల్లా తీరాన ఉన్న మోటుపల్లిలో 1244-45 నాటి ఆ అభయశాసనం చదివితే అప్పటి సముద్రపు బతుకు కళ్లకు కడుతుంది. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారట. ప్రాణాల కన్నా ధనమే ఎక్కువనుకుని ఓడలెక్కే వర్తకుల మీద దయతో తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుని మిగిలిందంతా వదిలేస్తున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్ఫయ్యో వంతు సుంకం. కింద సరుకుల జాబితా: చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు. వీటిలో కర్పూరం లాంటివి ఈ ఒడ్డున పుట్టేవి కావు. సముద్రం దాటి తెరచాపల మీద వచ్చాయి.

మోటుపల్లి కథ కాకతీయులతో ఆగలేదు. వాళ్ల తర్వాత రెడ్డిరాజులూ అదే రేవును నిలబెట్టారు. అనపోతారెడ్డి 1358లో అక్కడే మరో శాసనం వేయించి వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. కుమారగిరిరెడ్డి కాలానికి అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకుడు పెద్ద పేరు సంపాదించాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ కావ్యపు అవతారికలో తిప్పయ్యశెట్టి ఏయే రేవుల నుంచి ఏయే సరుకులు తెప్పించేవాడో కవి వరసపెట్టాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. అదే చోట తరుణాసీరి, తవాయి రేవులూ ఉన్నాయి. అవి ఇప్పటి తెనాసెరిమ్, దవేయి. అంటే మెర్గుయి దీవుల ఒడ్డే. కప్పలి, జోంగు, వల్లి అని ఓడల రకాలు కూడా చెప్పాడు. ఆరు వందల ఏళ్ల కిందటి తెలుగు కావ్యంలో బర్మా దీవుల తీరం, అక్కడికి వెళ్లే ఓడల పేర్లతో సహా ఉండటం మామూలు సంగతి కాదు. శృంగారనైషధంలోని పద్యాలు నోటికి వచ్చినవాళ్లు కూడా ఈ పద్యం దగ్గర ఆగరు. ఆగాల్సిన పద్యం అది.

గోల్కొండ సుల్తానుల కాలానికి ఈ వ్యాపారమంతా మచిలీపట్నం చేరింది. 1605-06 ప్రాంతంలో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. వాళ్లు వచ్చింది ముఖ్యంగా గుడ్డల కోసం. పెడన, మచిలీపట్నం పరిసరాల్లో చిరివేరు ఎరుపుతో అద్దిన కలంకారీ బట్టలకు దీవుల్లో డబ్బుతో సమానంగా విలువ ఉండేది. బాందా దీవుల జాజికాయ కావాలంటే వెండి కన్నా కోరమాండల్ గుడ్డ చూపించడం మేలని డచ్చివాళ్లు త్వరగానే గ్రహించారు. సయాం (ఇప్పటి థాయిలాండు) రాజాస్థానం తనకు కావలసిన నమూనాల ప్రకారం ఇక్కడే బట్టలు అద్దించుకునేది.

రేవు మాత్రం రేవులా ఉండేది కాదు. మచిలీపట్నం దగ్గర సముద్రం బాగా లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసుకునేవి. మధ్యలో సరుకు మోసే పని మసులా పడవలది. వాటిలో ఒక్క మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, సందుల్లో గడ్డి కూరేవారు. అల వచ్చి గుద్దితే మేకుల పడవ విరుగుతుంది, కుట్టు పడవ వంగి సర్దుకుంటుంది. తూర్పు తీరపు విరిగిపడే అలల్లో ఇంతకన్నా మంచి పడవ తమ దగ్గర లేదని మద్రాసులోని ఇంగ్లీషువాళ్లు కూడా ఒప్పుకుని, పందొమ్మిదో శతాబ్దం దాకా వాటిలోనే ఒడ్డుకు దిగారు.

ప్రయాణాలకు కాలం గాలే చెప్పేది. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ ఆ క్రమాన్ని రాసిపెట్టాడు. సెప్టెంబరులో నైరుతి గాలి ఇంకా చేతిలో ఉండగానే ఆచే, అరకాన్, పెగూ, తెనాసెరిమ్ ఓడలు కదిలేవి. అవతల సరుకు అమ్ముకుని, కొత్త సరుకు ఎక్కించుకుని, ఈశాన్య గాలి అందుకుని మార్చి, ఏప్రిల్ నెలల కల్లా తిరిగొచ్చేవి. అక్టోబరు దాటాక తెలుగు ఒడ్డున ఉండటం కన్నా దీవుల చాటున ఉండటమే ఓడకు క్షేమం. గాలివానల కాలమంతా మెర్గుయి దీవుల వెనక నిశ్చలమైన నీళ్లలో గడపడం వాళ్లకు లెక్క ప్రకారం వచ్చిన లాభం. ఇప్పుడు విహారపు పడవలు వెతుక్కునేదీ ఆ నిశ్చలమైన నీళ్లనే.

థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు 1669 నుంచి పదేళ్లపాటు బంగాళాఖాతం చుట్టూ తిరిగాడు. మొట్టమొదటి ఇంగ్లీషు-మలయ్ నిఘంటువు రాసినవాడూ ఆయనే. గోదావరి ముఖంలోని నరసాపురం గురించి ఆయన రాసిన పేజీలు తెలుగువాళ్లు తప్పకుండా చదవాల్సినవి. అక్కడ మంచి కలప సమృద్ధిగా ఉందనీ, ఈ తీరంలోకెల్లా మేలైన ఇనుము దొరుకుతుందనీ, నిపుణులైన ఓడ వడ్రంగులున్నారనీ, ఇంగ్లీషు వర్తకులు ఏటా అక్కడే ఓడలు కట్టించుకుంటారనీ చెప్పాడు. గోల్కొండ ప్రభువు ఓడల మాటా ఆయన రాసిందే. అవి ఏనుగుల కోసం అరకాన్, తెనాసెరిమ్, సింహళాలకు వెళ్లేవట. ఆ పనికనే మరీ గట్టిగా కట్టిన ఆ ఓడల్లో ఒక్కోటి పద్నాలుగు నుంచి ఇరవై ఆరు ఏనుగుల దాకా మోసేదట.

ఇరవై ఆరు ఏనుగులు. వాటికి మేత, మంచినీళ్లు, మావటీలు. కదిలే ఓడలో ఒక్క ఏనుగు బెదిరినా ఓడ ఒరిగిపోతుంది. దాదాపు రెండు వేల కిలోమీటర్ల నీళ్లు దాటి వాటిని మచిలీపట్నం తీరంలో దింపాలి. ఆ పని చేసిన సరంగుల, కళాసీల పేరు ఒక్కటీ మిగల్లేదు. గోల్కొండ ఫిరంగుల గురించి, వజ్రాల గురించి ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పలేం. ఈ ఓడల గురించి తెలుగులో ఒక మంచి పుస్తకం రావాల్సి ఉంది.

మెర్గుయికీ మచిలీపట్నానికీ మధ్య ఏనుగుల రాకపోకలు ఒక యుద్ధానికి కూడా దారితీశాయి. శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు 1670ల చివర సయాం రాజు కొలువులో చేరి, ఏనుగుల ఓడకు కెప్టెనుగా ఈ రెండు రేవుల మధ్య తిరిగాడు. 1683లో, అప్పట్లో సయాం ఏలుబడిలో ఉన్న మెర్గుయి రేవుకు అధికారి, అంటే షాబందరు, అయ్యాడు. వర్తక తగాదాలు ముదిరి సయాం రాజ్యం గోల్కొండ మీద యుద్ధం ప్రకటించినప్పుడు, వైట్ ఆ పేరుతో బంగాళాఖాతంలో తెలుగు తీరపు వర్తకుల ఓడలను పట్టి దోచుకున్నాడు. 1687లో మెర్గుయి జనం తిరగబడి ఇంగ్లీషువాళ్ల మీద పడ్డారు. వైట్ తప్పించుకుని ఇంగ్లండు చేరాడు. సరిగ్గా అదే ఏడాది ఔరంగజేబు చేతిలో గోల్కొండ కోట కూలింది. ఒక సముద్రానికి రెండు ఒడ్లా ఒకే ఏడాదిలో ఒక కాలం ముగిసింది.

ఆ దీవుల్లో అప్పుడూ ఇప్పుడూ ఉన్న అసలు మనుషులు మోకెన్లు. పడవలే ఇళ్లుగా దీవి నుంచి దీవికి తిరుగుతూ, ఊపిరి బిగబట్టి మునిగి గవ్వలు, సముద్రపు దోసకాయలు ఏరుకునే జాతి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు అన్నా గిస్లెన్ బృందం 2003లో ప్రచురించిన పరీక్షల్లో, నీళ్ల కింద మోకెన్ పిల్లల చూపు యూరపు పిల్లల చూపుకు రెట్టింపు చురుగ్గా ఉందని తేలింది. కంటిపాపను బాగా చిన్నది చేసుకోవడం ఆ పిల్లలు నేర్చుకున్న విద్య. సాధన చేయిస్తే ఇతర పిల్లలకూ అది పట్టుబడుతుందని ఆ తర్వాత తేలింది.

తెలుగు తీరంలోనూ నీళ్లలో మునిగి బతికేవాళ్లున్నారు, అయితే అంత లోతుకు కాదు. కాకినాడ అఖాతం అడుగున పలచటి గాజులాంటి ఆల్చిప్పలు పరుచుకుని ఉంటాయి. జాలర్లు పడవలేసుకుని వెళ్లి, తక్కువ లోతు నీళ్లలో మునిగి చేతులతో వాటిని ఏరి తెచ్చేవారు. కాల్చి సున్నం చేసేవారు. ఆ అఖాతానికి తూర్పున గోడలా నిలిచిన హోప్ ఐలాండ్ గోదావరి ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిన దిబ్బ. దాదాపు పదహారు కిలోమీటర్ల పొడవున్న ఆ దీవి మీద చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. తెలుగు ఒడ్డుకు ఇంత దగ్గరలో ఉష్ణమండలపు దీవి ఉందని చాలామంది హైదరాబాదీలకు తెలియదు.

ఆ దీవి చాటున, మడ అడవుల అంచున కోరంగి ఉంది. తెరచాపల తెలుగు చరిత్రలో దీనికి సాటి ఊరు మరొకటి లేదు. కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను నీళ్ల మీంచి తీసి బాగుచేయగల చోటు ఇదొక్కటే అని ఇంగ్లీషు నావికులు చెప్పుకునేవారు. 1759లో ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో యుద్ధనౌకల మరమ్మతు కోసం డాక్ కూడా కట్టారు. చుట్టుపక్కల తాళ్లరేవు పల్లెల్లో ఓడ వడ్రంగం కుటుంబ వృత్తి. కోరంగి దోనెలు ఇటు కలకత్తాకు, అటు రంగూనుకు, కింద సింహళానికి తిరిగేవి. 1834లో జాన్ ఎడీ అనే నౌకా నిర్మాణ అధికారి కోరమాండల్ దోనె కొలతలు రాశాడు: సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, చదునైన అడుగు. సరుకు లేనప్పుడు నాలుగడుగుల నీళ్లు చాలు. నది ముఖాల ఇసుక మేటల మధ్య తిరగడానికి ఆ చదునైన అడుగే కావాలి.

ఆ దోనెల సరంగులు దిక్కెలా తెలుసుకునేవారన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. ఎడీ, ఆయన తర్వాత 1850లో మద్రాసు సైనికాధికారి కాంగ్రీవ్ దీన్ని వర్ణించారు. అరచేతిలో పట్టేంత చెక్కముక్క, దాని మధ్య నుంచి ఒక దారం, దారానికి ముళ్లు. సరంగు చెక్కను కంటికి ఎదురుగా పట్టుకుంటాడు. కింది అంచు సముద్రం ఆకాశాన్ని తాకే గీత మీద, పై అంచు ధ్రువనక్షత్రం మీద నిలిచేదాకా చెక్కను ముందుకీ వెనక్కీ జరుపుతాడు. అప్పుడు దారం ఏ ముడి దగ్గర ఉందో చూస్తాడు. దక్షిణానికి పోయేకొద్దీ ధ్రువనక్షత్రం కిందికి దిగుతుంది కాబట్టి ఒక్కో ముడీ ఒక్కో తీరపు ఊరికి గుర్తు. తన రేవు ముడి వచ్చేదాకా ఉత్తరానికో దక్షిణానికో నడిపి, ఆ ఎత్తు దగ్గర ఓడను తిప్పి నేరుగా ఒడ్డుకు కొట్టుకొస్తాడు. అక్షరం రానివాడికి అక్షాంశం చేతిలో ఉంది. అరబ్బు నావికుల కమాల్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గానీ, హిందూ మహాసముద్రంలో ఓడ నడిపినవాళ్లంతా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

కోరంగిని సముద్రమే కట్టింది, సముద్రమే కూల్చింది. 1789 డిసెంబరులో గాలివానతో పాటు మూడు పెద్ద ఉప్పెన కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. రేవులోని ఓడలు లోపలి పొలాల్లోకి కొట్టుకుపోయాయి. 1839 నవంబరులో అంతకన్నా పెద్ద ఉప్పెన వచ్చింది. మూడు లక్షల మంది చనిపోయారని, ఇరవై వేల పడవలు నాశనమయ్యాయని చాలాచోట్ల రాస్తారు. అంత లెక్కను నమ్మడం కష్టం గానీ, ఆ దెబ్బ తర్వాత కోరంగి మళ్లీ లేవలేదన్నది నిజం. కలకత్తాలో కూర్చుని ఇలాంటి గాలివానల వివరాలను ఓడల లాగ్ పుస్తకాల నుంచి పోగుచేసిన హెన్రీ పిడింగ్టన్, వాటికి సైక్లోన్ అనే పేరు పెట్టింది 1840లలో. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనకున్న పరిశోధనలో కోరంగి కన్నీళ్లూ కలిసి ఉన్నాయి. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. మిగిలిన పని గోదావరి ఒండ్రు చేసింది. కోరంగి కాలువ పూడుకుపోయి, వర్తకం కాకినాడకు జరిగింది.

ఈలోగా తెలుగువాళ్లు ఓడెక్కే తీరు మారిపోయింది. శివకుడి కాలం నుంచి తిప్పయ్యశెట్టి దాకా వాళ్లు యజమానులు, వర్తకులు, సరంగులు. 1830ల నుంచి ఒప్పంద కూలీలు. 1843లో కోరింగా ప్యాకెట్ అనే తెరచాప ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు తీసుకెళ్లింది. చెరుకు తోటల్లో పనికి దిగిన వాళ్లను అక్కడ కొరంగీలు అనే పిలిచారు. బర్మాలోనూ అదే పేరు. తర్వాత ఆవిరి ఓడలొచ్చాక కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి వేలమంది రంగూను మిల్లులకు, రేవు పనులకు వెళ్లారు. 1930 మేలో రంగూను రేవులో పని కోసం మొదలైన గొడవ తెలుగు కూలీల మీద ఊచకోతగా మారింది. జపాను బాంబులు పడ్డాక 1942లో లక్షలమంది భారతీయులు కాలినడకన కొండలు దాటి వచ్చారు. సముద్రం మీద వెళ్లినవాళ్లలో చాలామందికి తిరుగుదారి సముద్రం మీద దొరకలేదు.

ఒడ్డున మిగిలిన తెరచాప జాలర్లది. దుంగలు కట్టిన తెప్ప, దాని మీద చిన్న కొయ్య, ముక్కోణపు చాప. తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలితో లోపలికి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకు. విశాఖ దగ్గర పూడిమడక జాలర్లు గాలంతో ట్యూనాలు పట్టడంలో ప్రసిద్ధులు. కొమ్ము కోనాం లాంటి పెద్ద చేపతో చిన్న పడవ మీంచి పెనుగులాడటం వాళ్లకు ఇప్పటికీ ప్రాణం మీదికొచ్చే పని. విదేశాల్లో ఆ చేపను గాలంతో పట్టడానికి డబ్బున్నవాళ్లు విహారపు పడవలు అద్దెకు తీసుకుంటారు. 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) బంగాళాఖాత కార్యక్రమం ఉప్పాడ లాంటి ఊళ్లలో ఒడ్డుకు నేరుగా ఎక్కించగల కొత్త పడవలను ప్రయత్నించింది. ఆ తర్వాత ఫైబర్ పడవ, మోటారు వచ్చి తెప్ప మీది చాపను దింపేశాయి. డీజిలు ధర పెరిగిన ప్రతిసారీ పెద్దవాళ్లు చాప రోజులు తలుచుకుంటారు. వాళ్లది ఉత్త నోస్టాల్జియా అని కొట్టిపారేయకూడదు, అది ఖర్చుల లెక్క కూడా.

సరైన రేవు లేని శ్రీకాకుళం జాలర్లు గుజరాతు పడవల మీద కూలికి వెళ్తారు. అలా వెళ్లి 2018 చివర పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైనవాళ్ల కథే 2025లో తండేల్ సినిమాగా వచ్చింది. ఫిల్మ్‌నగర్ సముద్రాన్ని ఇంతకుముందూ చూపించింది. 2017లో వచ్చిన ఘాజీ విశాఖ నీళ్ల అడుగున 1971 నుంచి పడి ఉన్న జలాంతర్గామి కథ, 2021 నాటి ఉప్పెన ఉప్పాడ ఒడ్డు కథ. ఒక్క పదేళ్లలో ఇన్ని సముద్రపు కథలు రావడం మంచి మార్పు. వలసెళ్లే జాలరిని నాయకుడిగా నిలబెట్టిన పరిశ్రమ, నరసాపురం వడ్రంగినీ కోరంగి సరంగునూ కూడా నిలబెట్టగలదు. కోట ఎదురుగానే ఉంది.

శ్రీకాకుళం, విశాఖ జాలర్లు వెళ్లిన మరో చోటు అండమాన్. 1950ల నుంచి వెళ్లి అప్పటి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ లాంటి చోట్ల స్థిరపడ్డారు. 2011 జనగణనలో ఆ ద్వీపాల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా నమోదైంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం. స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ కోసం అండమాన్‌కు విమానాల్లో వచ్చే హైదరాబాదు కుర్రాళ్లకు రేవులో చేపలమ్మే గొంతులు ఉత్తరాంధ్ర యాసలో వినిపిస్తాయి. పూర్వపు ఓడల దారిలోనే, మచిలీపట్నానికీ మెర్గుయికీ మధ్య ఉన్న దీవులవి. తెలుగువాళ్లు వాటిని దాటిపోవడం మాని, అక్కడే ఇళ్లు కట్టుకున్నారు.

ఇక తెరచాప ఆటగా మారింది. విచిత్రంగా సముద్రం లేని హైదరాబాదులోనే అది బాగా పట్టుబడింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562లో తవ్విన హుస్సేన్ సాగర్ మీద నైరుతి రుతుపవనపు గాలి జూలైలో నిలకడగా వీస్తుంది. సికింద్రాబాదులోని సైన్యపు ఈ.ఎం.ఈ. సెయిలింగ్ అసోసియేషన్ ఆ గాలినే నమ్ముకుని ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నడుపుతోంది. దేశం నలుమూలల నుంచి లేజర్ పడవల పోటీదారులు ఇక్కడికొస్తారు. 2009లో సుహీమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీ పిల్లలకు, ప్రభుత్వ బడుల పిల్లలకు తెరచాప నేర్పుతోంది. ఆ పిల్లల్లో కొందరు జాతీయ పతకాలు తెచ్చారు. వాళ్ల పోటీల ఫలితాలు పత్రికల్లో క్రికెట్ వార్తలకు పక్కన అంగుళం జాగాకు నోచుకోవడం కష్టంగా ఉంది. ఇది మారాలి.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే 55 అడుగుల తెరచాప నౌక ఆరుగురు నౌకాదళ మహిళాధికారులతో భూమి చుట్టిరావడానికి బయలుదేరింది. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవుల మీదుగా దారి. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటారు. పసిఫిక్ దక్షిణపు చలిలో గాలివానలు ఎదుర్కొన్నారు. వంతులవారీగా చుక్కాని పట్టారు, చాపలు కుట్టారు, తాళ్లు మార్చారు.

ఆఖరి అంచెలో, కేప్ టౌన్ దాటాక, తారిణి చుక్కాని యంత్రం దెబ్బతింది. ముందుగా అనుకోని మజిలీ ఒకటి అవసరమైంది. మరమ్మతు కోసం వాళ్లు ఆగిన రేవు మారిషస్‌లోని పోర్ట్ లూయీ. 1834 తర్వాత మారిషస్‌కు వచ్చిన ఒప్పంద కూలీలు ఆ రేవులోనే దిగారు. వాళ్లు ఎక్కిన రాతి మెట్లు ఆప్రవాసీ ఘాట్‌గా 2006 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. కోరింగా ప్యాకెట్‌లో వచ్చినవాళ్ల మునిమనవలు ఉగాది జరుపుకునే దీవి అది. ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగిందీ ఆ దీవిలోనే. చుక్కాని బాగుపడ్డాక తారిణి తెరచాపలెత్తి ఈశాన్యానికి తిరిగి, 2018 మే 21న గోవా చేరింది. ప్రయాణం మొత్తం 254 రోజులు, 21 వేలకు పైగా నాటికల్ మైళ్లు.